సాల్మన్ వేటకు విరామం: పసిఫిక్ తీరపు నియమాల చరిత్ర

అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ చేపను వినోదం కోసం గాలంతో పట్టేవారికి ఏడాదిలో అన్నిటికన్నా ముఖ్యమైన నెల ఏప్రిల్. వాషింగ్టన్, ఒరెగన్, కాలిఫోర్నియా రాష్ట్రాల సముద్ర వేటకు హద్దులు ఏర్పరిచే పసిఫిక్ మత్స్య నిర్వహణ మండలి, తీరంలో ఏ భాగాన ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు గాలం వేయవచ్చో, రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో, ఎంత పొడవుకు తగ్గిన చేపను తిరిగి నీటిలో వదలాలో ఆ నెలలోనే తేల్చి, కేంద్ర ప్రభుత్వ ఆమోదానికి పంపుతుంది. 2023లోనూ, 2024లోనూ కాలిఫోర్నియా తీరానికి ఆ మండలి ఒక్క రోజైనా వేటకు వీలివ్వలేదు. చేపలను అమ్ముకొని బతికేవారికీ, సెలవు దినాల్లో సరదాకు పట్టేవారికీ ఒకే విధంగా వర్తించిన ఈ సంపూర్ణ నిషేధం వెనుక నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చట్టాల చరిత్ర ఉంది. ఆ చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ఆంక్ష ఎప్పుడూ వల వేసినవారికీ గాలం పట్టినవారికీ ముందుగా అందిందనీ, నదికి అడ్డుకట్ట వేసినవారికి మాత్రం ఎంతో ఆలస్యంగా అందిందనీ స్పష్టమవుతుంది.

ఈ నియమాలు ఎందుకు ఏర్పడ్డాయో తెలియాలంటే ముందు సాల్మన్ జీవనక్రమం తెలియాలి. గోదావరి పులస సముద్రం నుంచి నదికి ఎదురీది గుడ్లు పెట్టినట్లే సాల్మన్ కూడా మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి నదిలోకి వస్తుంది. అయితే చినూక్, కోహో వంటి పసిఫిక్ సాల్మన్ జాతులు సాధారణంగా తాము పుట్టిన ఏటికే చేరుకొని, జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి, ఆ వెంటనే మరణిస్తాయి. అందువల్ల ఒక ఏటికి చేరవలసిన చేపలన్నీ దారిలోనే పట్టుబడితే ఆ ఏటి సంతతికి ఆ తరంతోనే పెద్ద గండి పడుతుంది. పైగా సముద్రంలో ఈ చేపలు నదులవారీగా విడివిడిగా ఉండవు. శాక్రమెంటో నదిలోకే శరత్తులో, శరత్తు చివర, శీతకాలంలో, వసంతంలో వచ్చే నాలుగు వేర్వేరు చినూక్ సంతతులు ఉండగా, అవన్నీ క్లామత్ వంటి ఇతర నదుల చేపలతో కలిసి ఒకే నీటిలో మేస్తుంటాయి. గాలానికి పడిన చేప ఏ నదిదో, ఏ సంతతిదో పడవలోని మనిషికి తెలిసే అవకాశం లేదు. పుష్కలంగా ఉన్న సంతతిని పట్టబోతే అంతరించే దశలో ఉన్న సంతతి కూడా చిక్కుతుంది గనుక, అన్నిటికన్నా బలహీనమైన సంతతికి ఎంత నష్టం తట్టుకొనే శక్తి ఉందో దానిని బట్టే మొత్తం తీరానికి వేటకాలం నిర్ణయించాలన్న సూత్రం క్రమంగా స్థిరపడింది.

వేటకు హద్దు విధించుకోవడం ఆ తీరానికి వలసవచ్చినవారు నేర్పిన విద్య కాదు. ఆ ప్రాంతపు ఆదివాసి జాతులు అనేకం ఏటా నదికి వచ్చే తొలి సాల్మన్‌ను శాస్త్రోక్తంగా ఆహ్వానించి, ఆ క్రతువు పూర్తయ్యేవరకు సాధారణ వేటను ఆపి ఉంచేవి. ఆ వ్యవధిలో ఎన్నో చేపలు ఎగువకు దాటిపోయేవి. క్లామత్ నది మీద యూరోక్ జాతివారు కెపెల్ అనే చోట ఏటా కర్రలతో నదికి అడ్డంగా కట్టిన తడికను పది రోజులు మాత్రమే వాడుకొని, తరువాత తామే విప్పివేసేవారు. ఎగువన ఉన్న జాతులకు చేప అందాలన్న బాధ్యత, గుడ్లు పెట్టే చేప మిగలాలన్న ఎరుక రెండూ ఆ ఆచారంలో ఇమిడి ఉండేవి.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడడంతో ఈ సమతుల్యం చెదిరింది. కొండలను బలమైన నీటిధారలతో కోసి బంగారం వెలికితీసే పద్ధతి వల్ల మట్టి, కంకర కొట్టుకువచ్చి గుడ్లు పెట్టే గులకరాళ్ల మడుగులను పూడ్చివేశాయి. ఆ వ్యర్థాలను నదుల్లోకి వదలరాదని న్యాయమూర్తి లోరెంజో సాయర్ తీర్పు ఇచ్చేనాటికి 1884 వచ్చింది. ఈలోగా 1864లో శాక్రమెంటో నది మీద హాప్‌గుడ్, హ్యూమ్ సంస్థ పసిఫిక్ తీరంలో మొట్టమొదటి సాల్మన్ డబ్బాల కర్మాగారాన్ని స్థాపించి, రెండేళ్లకే కొలంబియా నదికి తరలిపోయింది. 1880ల తొలినాళ్లకు శాక్రమెంటో పరిసరాల్లో ఇటువంటి కర్మాగారాలు దాదాపు 20 వెలిశాయి. 1919 నాటికి చివరిది కూడా మూతపడింది.

చట్టం మాత్రం ఆదిలోనే వచ్చింది. కాలిఫోర్నియా శాసనసభ 1852లోనే సాల్మన్ రక్షణకు తొలి చట్టం చేసింది, 1870లో మత్స్య కమిషన్‌ను నెలకొల్పింది. అయితే ఆనాటి పాలకులు వేటను తగ్గించడంకన్నా చేపలను కృత్రిమంగా పెంచడంలోనే పరిష్కారం చూశారు. 1872లో కేంద్ర మత్స్య కమిషన్ తరఫున లివింగ్‌స్టన్ స్టోన్ మెక్‌క్లౌడ్ నది ఒడ్డున, విన్నెమెమ్ వింటూ జాతివారి భూమిలో, గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే హేచరీని ప్రారంభించాడు. ఈ నదీ వ్యవస్థ నుంచి దూరదేశాలకు పంపిన గుడ్ల సంతతి నేటికీ న్యూజిలాండ్ నదుల్లో జీవిస్తుండగా, మెక్‌క్లౌడ్ నదిలో మాత్రం ఆనకట్ట కారణంగా సాల్మన్ రాక ఆగిపోయింది. చేపను తయారుచేయగలమన్న ఆ నమ్మకం, నదిని కాపాడవలసిన పనిని తరువాతి కాలంలో పలుమార్లు వాయిదా వేయించింది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో ప్రజాభిప్రాయం కూడా చేపలు పట్టే సాధనాల మీదికే మళ్లింది. ప్రవాహపు వేగంతో తిరుగుతూ చేపలను తోడివేసే చక్రాలను ఒరెగన్ ఓటర్లు 1926లో నిషేధించారు. తీరం వెంట పాతిన స్థిరమైన ఉచ్చులను వాషింగ్టన్ ఓటర్లు 1934లో తొలగించారు. కాలిఫోర్నియా 1957లో నదుల్లో వాణిజ్యపరమైన సాల్మన్ వల వేటకు స్వస్తి చెప్పింది. అయితే ఇవే దశాబ్దాలలో శాన్ వాకీన్ నది మీద ఫ్రయంట్ ఆనకట్ట, శాక్రమెంటో మీద 1945లో పూర్తయిన షాస్టా ఆనకట్ట, కొలంబియా మీద గ్రాండ్ కూలీ ఆనకట్ట చేపలు పైకి వెళ్లే మెట్లు లేకుండానే నిర్మితమై, వందలాది మైళ్ల సంతానస్థలాలను శాశ్వతంగా మూసివేశాయి. శాన్ వాకీన్‌లో వసంతకాలపు చినూక్ అంతరించింది. వేసవిలో గుడ్లు పెట్టే శీతకాలపు చినూక్‌కు అవసరమైన చల్లని ఊటనీళ్లు షాస్టాకు ఎగువన ఉండిపోయాయి. నాటి నుంచి ఆ సంతతి, ఆనకట్ట అడుగునుంచి వదిలే చల్లని నీటిమీదనే ఆధారపడి బతుకుతున్నది. 1960ల చివర లక్ష దాటిన ఆ చేపల రాక 1990ల తొలి సంవత్సరాలకు రెండు వందల దరిదాపులకు పడిపోగా, 1994లో దానిని అంతరించే ప్రమాదంలో ఉన్న సంతతిగా ప్రకటించారు.

వినోద వేట విస్తరించింది కూడా ఈ కాలంలోనే. తొలినాళ్లలో ఈ వేటగాళ్లు కొన్ని నియమాలను తామే పెట్టుకున్నారు: కెనడాలోని క్యాంప్‌బెల్ రివర్‌లో 1924లో ఏర్పడిన టైయీ క్లబ్ సభ్యత్వం కోరేవారు మోటారు లేని, తెడ్లతో నడిపే పడవలో ఉండి 30 పౌండ్లకు తగ్గని చినూక్‌ను పట్టాలి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చిన్న మోటారు పడవలు, మనుషులను రుసుముకు సముద్రంలోకి తీసుకువెళ్లే అద్దె పడవలు పెరిగి, వాషింగ్టన్ తీరంలోని వెస్ట్‌పోర్ట్ వంటి రేవులకు ఈ వేటే జీవనాధారమైంది. వాణిజ్య వేటగాళ్లు, వినోద వేటగాళ్లు, ఆదివాసులు ఒకే చేప కోసం పోటీపడవలసి రావడంతో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న న్యాయస్థానాలకు ఎక్కింది. 1854–55 సంవత్సరాల ఒడంబడికల ప్రకారం తమకు దక్కిన హక్కును నిలబెట్టుకోవడానికి బిల్లీ ఫ్రాంక్ జూనియర్ వంటివారు పదేపదే అరెస్టులకు సిద్ధపడగా, 1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, వాషింగ్టన్‌లో పట్టదగిన చేపల్లో సగం వరకు ఒడంబడిక జాతులకు చెందుతాయని తీర్పు చెప్పాడు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పు సారాంశాన్ని సమర్థించింది.

1976లో అమెరికా కాంగ్రెస్ చేసిన మత్స్య సంరక్షణ చట్టంతో నేటి వ్యవస్థకు రూపం వచ్చింది. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకు రాష్ట్రాల అధికారం, అక్కడి నుంచి 200 మైళ్ల వరకు కేంద్రం అధికారం కాగా, ఆ రెండింటికీ పొందిక కుదర్చడానికి ప్రాంతీయ మండలులు ఏర్పడ్డాయి. గుడ్లు పెట్టడానికి ఎన్ని చేపలు నదికి చేరాలో ముందుగా నిర్ణయించి, ఆపైన మిగిలినవాటినే వేటకు పంచడం పసిఫిక్ మండలి పద్ధతి. శాక్రమెంటో శరత్కాలపు చినూక్‌కు ఈ కనీస లక్ష్యాన్ని చాలాకాలం 1,22,000 నుంచి 1,80,000 వరకు ఉంచారు. ఈడు రాకముందే, రెండేళ్ల వయసులో నదికి తిరిగివచ్చే మగచేపలను లెక్కించి మరుసటి ఏడాది రాకను అంచనా వేస్తారు.

ఆ అంచనా మీద ఆధారపడిన ఆంక్షలు పడవలోని గాలం దాకా దిగివస్తాయి. రోజుకు సాధారణంగా రెండు చేపలే ఉంచుకోవాలి. 20 లేదా 24 అంగుళాలకు తగ్గినదానిని వదిలివేయాలి. గాలపు కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లు ఉండరాదు, ఎందుకంటే ఆ ముల్లు ఉంటే వదిలిన చేప కూడా గాయంతో చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఆగి ఉన్న పడవ నుంచి ఎరను వేలాడదీసేవారు చేప కడుపులో కాక ఎక్కువగా దవడ మూలనే తగిలే గుండ్రటి గాలాన్ని వాడాలని కాలిఫోర్నియా నిర్దేశించింది. వాషింగ్టన్, ఒరెగన్ తీరాల్లో కోహో విషయంలో మరో ఉపాయం అమలైంది: హేచరీలో పెంచిన పిల్లలకు తోకకు ముందు, వీపు మీద ఉండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరించి వదులుతారు గనుక, ఆ రెక్క లేని చేపనే ఉంచుకోవచ్చు, రెక్క ఉన్న సహజ సంతతి చేపను వదలాలి.

ఇన్ని జాగ్రత్తలూ చాలని సంవత్సరాల్లో పూర్తి విరామమే మిగిలింది. 1994లో కోహో రాక అడుగంటడంతో, ఒరెగన్‌లోని కేప్ ఫాల్కన్‌కు ఉత్తరాన సముద్రంలో సాల్మన్ వేటను మొత్తంగా నిలిపివేశారు. 2002 సెప్టెంబరులో క్లామత్ నదిలో నీరు తగ్గి, వేడెక్కి, మొప్పల వ్యాధి ప్రబలి 30 వేలకు పైగా చేపలు చనిపోయాయి. ఆ నది సంతతి క్షీణించిన ఫలితంగా 2006లో దాదాపు 700 మైళ్ల తీరంలో వాణిజ్య వేటను తీవ్రంగా తగ్గించవలసి వచ్చింది. 2007 శరత్తులో శాక్రమెంటోకు తిరిగివచ్చిన రెండేళ్ల మగచేపలు, సగటున 40 వేలు ఉండవలసింది, సుమారు రెండు వేలే తేలాయి. 2002లో ఏడు లక్షలు దాటిన శరత్కాలపు చినూక్ రాక 2009 నాటికి 40 వేల దరిదాపులకు కుంగింది. 2005, 2006 సంవత్సరాల్లో సముద్రపు అడుగునుంచి పోషకాలతో కూడిన చల్లనినీరు వేళకు పైకి రాకపోవడంతో ఆకలితో పిల్లచేపలు నశించడం తక్షణ కారణమనీ, నదీవ్యవస్థ శిథిలమై సంతతిలో వైవిధ్యం తగ్గడం మూలకారణమనీ శాస్త్రవేత్తలు తేల్చారు. 2008లో కాలిఫోర్నియా తీరమంతటా, ఒరెగన్‌లో అధికభాగాన చినూక్ వేట చరిత్రలో తొలిసారి పూర్తిగా ఆగింది. 2009లో ఉత్తర కాలిఫోర్నియాలో వినోద వేటకు పది రోజులు మినహా ఆ నిషేధమే కొనసాగింది. నష్టపోయిన కుటుంబాలకూ వ్యాపారాలకూ కాంగ్రెస్ 17 కోట్ల డాలర్లు కేటాయించింది.

తరువాత వానలు కురిసి చేపలు కొంత కోలుకున్నా, 2012–16 మధ్య కరవు, 2014–16 మధ్య సముద్రజలాల అసాధారణ తాపం, 2020 నుంచి మరో కరవు వరుసగా విరుచుకుపడ్డాయి. ఆంచోవీ చేపలనే అధికంగా తినడంవల్ల తల్లిచేపల్లో బి1 విటమిన్ లోపించి పిల్లలు చనిపోతున్నట్లు 2020లో హేచరీల్లో గుర్తించారు. 2021లో షాస్టా జలాశయంలో చల్లనినీరు అడుగంటగా, శీతకాలపు చినూక్ గుడ్లలో నూటికి మూడైనా ఈదే పిల్లలుగా మిగలలేదు. 2023, 2024 నిషేధాలు ఈ పరంపర ఫలితమే. 2025లో వాణిజ్య వేట మూడో ఏడాదీ మూతపడగా, వినోద వేటకు జూన్‌లో తెరిచిన రెండు రోజుల్లోనే వేసవికి నిర్ణయించిన 7,000 చేపల పరిమితి దాటిపోవడంతో మిగిలిన వేసవి తేదీలు రద్దయ్యాయి.

ఈ విరామాల భారం అద్దె పడవల యజమానులు, ఎర అమ్మేవారు, రేవుల్లోని చిన్న హోటళ్లు మోశారు. మోయడమే కాదు, మిగిలిన చేపను కాపాడడానికి నిషేధం అవసరమని వారిలో చాలామంది తామే ముందుకొచ్చి కోరారు. వారి త్యాగం వ్యర్థం కాలేదు, కానీ దానికి ఒక పరిమితి ఉంది. నదికి చేరే పెద్దచేపల సంఖ్యను నిషేధం పెంచగలదు. అవి పెట్టిన గుడ్లకు చల్లనినీటిని, పిల్లలకు సముద్రం దాకా సాగే ప్రవాహాన్ని అది ఇవ్వలేదు. ఆ రెండో పని మొదలుపెడితే ఫలితం ఎంత త్వరగా కనిపిస్తుందో క్లామత్ చూపింది. యూరోక్, కారుక్ తదితర జాతులు దశాబ్దాలపాటు సాగించిన పోరాటం ఫలించి, 1918 నుంచి 1960ల మధ్య నిర్మితమైన నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలను 2023–24లో తొలగించగా, ఆ పని ముగిసిన నెలలోనే, 2024 అక్టోబరులో, చినూక్ సాల్మన్ శతాబ్దానికి పైగా చేరలేకపోయిన ఒరెగన్ ఎగువ జలాలకు చేరుకుంది. గాలానికి విధించిన విరామం తాత్కాలిక రక్షణ మాత్రమే. అదే నిష్ఠతో నది నీటికీ, ఆనకట్టలకూ నియమం విధించిననాడే ఆ విరామాలకు అవసరం తగ్గుతుంది.