గుండెపురుగు చరిత్ర: మనిషి మందు కుక్కకు, పశువుల మందు మనిషికి

కుక్క గుండెలోనూ, ఊపిరితిత్తుల ధమనులలోనూ దారాల ఉండలా చిక్కుపడి బతికే పురుగు ఒకటి ఉంది. ఆడపురుగు 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 1856లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లీడీ దీనిని వర్ణించి ‘ఇమ్మిటిస్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు ‘దయలేనిది’ అని అర్థం. నేటి శాస్త్రీయనామం డైరోఫైలేరియా ఇమ్మిటిస్. మరి ఇది కుక్క శరీరంలోకి ఎలా చేరుతుంది?

ఆ దారి చూపింది మనుషుల వ్యాధులే. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఫైలేరియా పిల్లపురుగులను చూశాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అవి దోమ శరీరంలో ఎదుగుతాయని గుర్తించాడు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1900 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞులు గుండెపురుగును కూడా దోమే మోస్తుందని నిర్ధారించారు. దోమ కుట్టాక లార్వా పెద్ద పురుగు కావడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఆ వ్యవధి తొలిరోజులలోనే దానిని చంపగలిగితే గుండెకు ముప్పు ఉండదు.

ఇక్కడ మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. ఆయన పరిశోధనా సంచాలకులుగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బోదకాలుకు మందుగా డైఇథైల్ కార్బమజీన్ రూపొందింది. 1947లో ఆ బృందం ప్రకటించిన ప్రయోగాలలో ఫైలేరియా సోకిన ఎలుకలతోపాటు కుక్కలు కూడా ఉన్నాయి. తర్వాతి దశాబ్దాలలో అదే మందు కుక్కలకు గుండెపురుగు నివారణ మాత్ర అయింది. అయితే దోమల కాలమంతా ప్రతిరోజూ వేయాలి. కొన్ని రోజులు మరచినా రక్షణ పోతుంది. అప్పటికే రక్తంలో పిల్లపురుగులున్న కుక్కకు వేస్తే ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అందుకే ముందుగా రక్తపరీక్ష తప్పనిసరి.

ఈ ఇబ్బందిని ఐవర్‌మెక్టిన్ చాలావరకు తీర్చింది. జపాన్‌లో సతోషి ఒమురా మట్టినుండి వేరుచేసిన సూక్ష్మజీవి దీనికి మూలం. అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ దాని పరాన్నజీవి నాశకశక్తిని నిరూపించాడు. 1987లో అమెరికాలో నెలకొకసారి వేసే మాత్రకు అనుమతి లభించింది. పశువైద్యంలో మొదలైన ఈ మందును అదే సంవత్సరం మనుషులకు, నది ఒడ్డు గ్రామాలను గుడ్డివి చేస్తున్న వ్యాధికి, ఉచితంగా ఇస్తామని తయారీ సంస్థ ప్రకటించింది. 2015లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఇక చికిత్స మాటేమిటి? పెద్ద పురుగులను చంపే ఆర్సెనిక్ మందు కుక్కలకు ఉంది. కాని చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల రక్తనాళాలకు అడ్డుపడతాయి గనుక కుక్కను వారాల తరబడి పరుగెత్తకుండా కట్టడిచేయాలి. పిల్లులకు ఆ మందు సురక్షితం కాదు. వాటి విషయంలో ఒకటి రెండు పురుగులే ప్రాణం తీయగలవు. కనుక పిల్లికి నివారణే ఏకైక దిక్కు.

కథ ఇంతటితో ముగియలేదు. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతంలో ఈ నెలవారీ మందులకు లొంగని పురుగులు బయటపడ్డాయి. మన ఈశాన్య రాష్ట్రాల కుక్కలలోనూ గుండెపురుగు కనిపిస్తోంది. మందు ఎంత గొప్పదైనా సకాలంలో వేయడం, ఏటా రక్తం పరీక్షించడం, ఇంటిచుట్టూ నీరు నిలవనీయకపోవడం మన పనే. మనిషి ఆరోగ్యం, జంతువు ఆరోగ్యం వేరువేరు కావని ఈ చరిత్ర చెప్పే పాఠం.