మర్దనకు పరీక్ష పెట్టిన నర్సులు

విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. మెడ పట్టేసిందంటూ వచ్చినవాళ్లు "ఇంకాస్త గట్టిగా నొక్కండమ్మా" అంటుంటే, మా వృత్తి తొలినాళ్ల నియమాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

1894లో లండన్‌లో మసాజ్ పేరు చెప్పి వ్యభిచారం నడుపుతున్నారని బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టింది. నిజంగా మర్దన చేసే నర్సులకు తలెత్తుకోలేని పరిస్థితి. ఆ ఏడాదే రోజలిండ్ పేజెట్, లూసీ రాబిన్సన్, మరో ఇద్దరు నర్సులు కలిసి ఒక సంఘం పెట్టి, పరీక్ష పాసైతేనే సభ్యత్వం అన్నారు. డాక్టరు చెప్పనిదే మర్దన చేయకూడదు. మగవాళ్లకైతే, డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప, ఒళ్లంతా చేయనే కూడదు. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలివ్వకూడదు. రోగులకు మందులు అమ్మకూడదు. ఈ చివరిది ఇప్పటికీ కొందరికి వినిపించాలి!

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే మగవాళ్లకూ మర్దన చేయక తప్పలేదు. గాయపడ్డ సైనికుల బిగిసిన కీళ్లు, కండరాలు వీళ్ల చేతుల్లోకే వచ్చాయి. 1920లో సంఘానికి రాయల్ చార్టర్ దక్కింది. 1944లో పేరులోకి ఫిజియోథెరపీ వచ్చింది.

రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. స్పర్శను మోసే లావుపాటి నరాల సంకేతాలు, వెన్నుపాములోనే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయట. మోచేతికి దెబ్బ తగిలితే గబగబా రుద్దుకునేది అందుకే. అయితే నడుంనొప్పికి ఈ ఉపశమనం ఎక్కువకాలం నిలవదు. కాబట్టి మర్దన అయ్యాక వ్యాయామాలు కూడా చేయిస్తాను. అప్పుడు మాత్రం చాలామందికి వేరే పని గుర్తొస్తుంది.