చూసినవారు, రాసినవారు

1879 రంప పితూరీని అణచడానికి కొండలెక్కిన సర్కారు బలగాల్లో ఎందరినో మన్యం జ్వరం మంచాన పడేసింది. ఆ జ్వరం మనవాళ్లనూ వదల్లేదు. చలి జ్వరానికి బిడ్డల్ని పోగొట్టుకోని గూడెం మన పెద్దల కాలంలో అరుదు. ఆనాడు దానికి తెలిసిన గట్టి మందు క్వినైన్. అది ఎక్కడో దూరాన, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడులో ఉంది.

ఆ బెరడు 17వ శతాబ్దంలోనే యూరపుకు చేరింది. 1820లో ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు అందులోంచి క్వినైన్‌ను వేరు చేశారు. జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని లావెరాన్ రక్తంలో చూసింది 1880లో. అది దోమ కడుపులో పెరుగుతోందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అంటే మందు ముందు దొరికింది, రోగం గుట్టు తెలియడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది. ఆ సూక్ష్మజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి అక్కడి ఎరుపు పదార్థాన్ని తింటుంది. తినగా మిగిలే విషాన్ని గట్టి పలుకుల్లా మార్చి పక్కన పడేస్తుంది. క్వినైన్ ఆ పని జరగనివ్వదు. తన తిండిలోని విషంతోనే అది చస్తుంది.

మంచి సింకోనా ఏదో గుర్తుపట్టగలిగినవాళ్లు ఆ కొండల మనుషులే. బొలీవియాలో మాన్యుయెల్ ఇంక్రా మమాని అనే ఐమారా ఆదివాసి చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వర్తకుడి దగ్గర పనిచేసేవాడు. మంచుకు పూత మాడిపోతుంటే ఏళ్ల తరబడి కాచుకుని, మేలైన చెట్ల గింజలు ఏరి, 1865లో లెడ్జర్‌కు చేర్చాడు. వాటిలో కొన్నిటిని డచ్చి ప్రభుత్వం కొని జావా దీవిలో నాటించింది. కొన్నేళ్లకు ప్రపంచపు క్వినైన్‌లో ఎక్కువ భాగం అక్కడినుంచే వచ్చింది. మమానిని మాత్రం గింజలు దేశం దాటించాడని జైల్లో పెట్టి కొట్టారు. ఆ దెబ్బలకే ఆయన చనిపోయాడు. చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సింకోనా లెడ్జెరియానా. చూపు మమానిది, పేరు లెడ్జర్‌ది.

రెండో కథ మన పెరట్లోని బిళ్ల గన్నేరుది. ఇది మడగాస్కర్ దీవి మొక్క. జమైకా దీవిలో జనం దీని ఆకు కషాయాన్ని చక్కెర జబ్బుకు తాగేవారు. 1952లో అక్కడినుంచి కొన్ని ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్‌కు చేరాయి. ఆయన ఎలుకలకు పట్టించి చూస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. ఆకు సారాన్ని సూదిమందుగా ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి. ఇంకొకరైతే పనికిరాదని పారేసేవారే. నోబుల్ అవి ఎందుకు చచ్చాయో వెతికాడు. వాటి తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌కు ఇదే మందు కావచ్చునని తోచింది. 1958లో నోబుల్, చార్లెస్ బీర్ కలిసి ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేసిన సంగతి ప్రకటించారు. ఆ మొక్క నుంచే అమెరికాలో విన్‌క్రిస్టిన్ వచ్చింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాల్లాంటివి ఏర్పడతాయి. ఈ మందు వాటిని కట్టనివ్వదు, కణం చీలలేక చస్తుంది. పిల్లల రక్త క్యాన్సర్‌కు మిగతా మందులతో కలిపి దీన్ని నేటికీ వాడుతున్నారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. జమైకా జనం వేలు చూపకపోతే ఆ ఆకు కెనడాకు చేరేది కాదు. పరీక్షించి చూడకపోతే అది ఏ జబ్బుకు పనికొస్తుందో తెలిసేది కాదు. అందుకే "మా తాత చెప్పాడు" అని బిళ్ల గన్నేరు ఆకు నమలకండి. అది విషం. ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. డాక్టరు కొలిచి నరంలోకి ఎక్కిస్తేనే అది మందు. చలి జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష, తర్వాత పూర్తి కోర్సు మాత్రలు. పసరు కోసం ఆగితే ప్రాణం ఆగదు.

ఆ మాత్రల వెనుకే మూడో కథ ఉంది. చైనాలో తూ యూయూ మలేరియా మందు కోసం పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి పిండాలని నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిపెట్టాడు. మరిగించమనలేదు. వేడికి మందు చెడుతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడితో సారం తీసింది. ఆ సారంలోని మందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పదహారు వందల ఏళ్లనాటి వైద్యుడి పేరు కూడా ఆమెతోపాటు లోకానికి తెలిసింది. కారణం ఒక్కటే, ఆయన రాశాడు.

మన వెజ్జులు రాయలేదు. వాళ్లకు బడి లేదు. మనకుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊళ్లో ఉందో లేదో అడగండి. టీచర్లు పిల్లల్ని పెద్దల దగ్గరికి తీసుకెళ్లండి. ఏ ఆకు, ఏ కాలంలో కోసేది, పచ్చిదా ఎండుదా, నానబెట్టేదా మరిగించేదా, ఎవరు చెప్పారు, అన్నీ వాళ్ల అనుమతితో, వాళ్ల పేరుతో రాయించండి. గుట్టుగా ఉంచమంటే ఉంచండి. పిల్లల్లో ఒకరిద్దరు రసాయనశాస్త్రం చదివి ఆ ఆకును తామే పరీక్షించే రోజు రావాలి. అప్పుడు చూసినవారి పేరూ, రాసినవారి పేరూ ఒకే గూడెంలో ఉంటాయి.