సీసం, అచ్చు, తూటా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, ప్రెస్సు చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కూర్చున్నాక కలం మరో దారి పట్టింది. కొన్నేళ్ల కిందట అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, మా అబ్బాయి దగ్గర ఐదు నెలలు ఉన్నాం. అక్కడ ఒకరోజు చూసిన దృశ్యమే అందుకు కారణం. మిత్రులు మన్నించాలి. అయినా ఇది మనకు పూర్తిగా పరాయి విషయమేమీ కాదు. ఇరవై తొమ్మిదేళ్లు ఫౌండ్రీ సెక్షన్లో సీసం కరిగించి అన్నం తిన్నవాణ్ణి.

పక్కింటి పెద్దాయన కూడా మనలాగే పెన్షనరు. ఒక సాయంత్రం తన షెడ్డులోకి రమ్మని సైగ చేశాడు. చిన్న కరెంటు పొయ్యి మీద ఇనుప పాత్రలో సీసం కరిగి ఉంది. మడ్డి పైకి తేలడానికి చిటికెడు మైనం వేశాడు. ఆ పొగ వాసన తగలగానే నేను మళ్లీ డ్యూటీలో చేరినట్టయింది. పట్టకారులాంటి రెండు పిడులు, వాటి చివర రెండు ముక్కల అచ్చు. గరిటెతో పోశాడు, నాలుగు క్షణాలు ఆగాడు, అచ్చు విప్పి తట్టాడు. పాత గుడ్డ మీద తళతళలాడే గుండు పడింది. మేం అక్షరాలు పోసినట్టే ఆయన తూటాలకు గుండ్లు పోస్తున్నాడు!

దీని చరిత్ర ఏమిటో తెలుసుకోవాలనిపించింది. అబ్బాయి తెచ్చిపెట్టిన పుస్తకాలు చదివాను.

మనలో చాలామందికి కౌబాయ్ అంటే 1971లో వచ్చిన కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తొస్తుంది. గుర్రం మీద మనిషి, నడుముకు రివాల్వర్, జీను పక్కన పొట్టి తుపాకి. ఆ పొట్టి తుపాకినే కార్బైన్ అంటారు. ట్రిగ్గరు కింద ఉండే ఇనుప కడియాన్ని కిందికి లాగి పైకి నెడితే, కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి వస్తుంది. 1860 నాటి హెన్రీ తుపాకి, 1866 నాటి వించెస్టర్ ఈ పద్ధతివే. కాని వాటి తూటాలకు ఒక లోపం ఉండేది. నిప్పు రగిలించే మందు ఇత్తడి గొట్టం అడుగున అంచు మడతలో ఉండేది. సుత్తె దెబ్బకు ఆ అంచు నొక్కుకుపోతుంది. ఇక ఆ గొట్టం పారెయ్యవలసిందే.

1873లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన కొత్త కార్బైన్ తూటాలో ఆ మందు అడుగున నడిమధ్య, చిన్న గిన్నెలాంటి విడి ముక్కలో ఉంది. దాన్నే ప్రైమర్ అంటారు. కాలిన ప్రైమర్‌ను పొడిచి తీసి కొత్తది పెట్టి, మందు పోసి, గుండు దించితే అదే గొట్టం మళ్లీ పనికొస్తుంది. ఈ చిన్న మార్పే సామాన్యుడి చేతికి తూటాల తయారీని అందించింది. ఇక్కడొక తమాషా ఉంది. అలా సులువుగా ఊడొచ్చే ప్రైమర్ పద్ధతిని రూపొందించిన బాక్సర్ ఇంగ్లీషువాడు, అది స్థిరపడింది అమెరికాలో. అమెరికావాడైన బెర్డాన్ పద్ధతి యూరప్‌లో స్థిరపడింది.

ఆ తూటా పేరు ఫార్టీఫోర్ ఫార్టీ. మొదటి అంకె గొట్టం కొలత, రెండోది మందు తూకం, నలభై గ్రెయిన్లు. గుండు తూకం రెండు వందల గ్రెయిన్లు. మన పాత తులం 180 గ్రెయిన్లు కనుక గుండు తులం కన్నా కాస్త ఎక్కువన్నమాట. పౌనుకు ఏడు వేల గ్రెయిన్లు. అంటే పౌను సీసంతో ముప్పై అయిదు గుండ్లు, పౌను మందుతో నూట డెబ్బై అయిదు తూటాలు. రైలు స్టేషనుకు వారం ప్రయాణం దూరంలో పశువులు మేపుకునేవాడికి ఈ లెక్క ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. కోల్ట్ కంపెనీ కూడా తన 1873 మోడల్ రివాల్వర్‌ను కొన్నేళ్లకే ఇదే తూటాకు సరిపడేలా చేసింది. నడుముకున్నదానికీ, జీనుకున్నదానికీ ఒకే అచ్చు, ఒకే మందు, ఒకే సంచి.

1884లో కనెటికట్ రాష్ట్రం న్యూహేవెన్లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ అనే కంపెనీ పెట్టి, పట్టకారు ఆకారంలో ఒక పనిముట్టు అమ్మాడు. ప్రైమర్ తియ్యడం, పెట్టడం, గుండు దించడం, చివరన గుండు పోసే అచ్చు, అన్నీ దాంట్లోనే. జేబులో పట్టేది. ఆ కంపెనీని 1925లో లైమన్ కంపెనీ కొనుక్కుంది.

గుండు ముక్కు చదునుగా ఎందుకుందని నేను పెద్దాయన్ని అడిగాను. కార్బైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కు ఆనుకుంటుంది. ముక్కు మొనదేలితే కుదుపుకు గొట్టంలోనే పేలిపోవచ్చు. అందుకని చదును. పక్కన గాళ్లు ఎందుకంటే కొవ్వు పట్టడానికి. నల్లమసి మందు కాలినప్పుడు గొట్టంలో పేరుకునే గట్టి మసిని మెత్తబరచడానికి మైనం, కొవ్వు కలిపి రాసేవారు. ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి రాసిన కొవ్వు 1857లో మన దేశంలో ఏం రగిల్చిందో చిన్నప్పుడే చదువుకున్నాం. కొవ్వు ఎందుకు రాయవలసి వచ్చిందో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు!

ఈ తూటాల కథలో వీరత్వం ఒక్కటే లేదు. 1870లలో ఎద్దుజాతి అడవి బైసన్లను తోళ్ల కోసం చంపినవారు రాత్రి నెగడు దగ్గర గుండ్లు పోసుకునేవారు. 1889 నాటికి హార్నడే అనే ఆయన లెక్కిస్తే మిగిలినవి దాదాపు వెయ్యి. వాటి మీద బతికిన ఆదివాసుల గతి ఏమైందో వేరే చెప్పాలా? 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర వాళ్లు కస్టర్ దళాన్ని తుడిచిపెట్టారు. 1983లో అక్కడి గడ్డి తగలబడ్డాక మరుసటి ఏడు తవ్వి చూస్తే, గెలిచినవాళ్ల చేతుల్లో హెన్రీ, వించెస్టర్ తుపాకులున్నట్టు కాలిన గొట్టాలే సాక్ష్యం చెప్పాయి. సైనికుల చేతుల్లో ఉన్నవి ఒక్కో తూటా పెట్టుకునే తుపాకులు.

తరవాత పొగలేని మందు వచ్చింది. దాని వేగానికి మెత్తటి సీసం గొట్టంలో అంటుకుపోతుంది కనుక రాగి తొడుగు గుండ్లు వచ్చాయి. ఇక చేత్తో పోసే విద్య అంతరించవలసింది. అంతరించలేదు. ఐడాహోలో ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి 1920లలో తగరం కలిపిన గట్టి సీసంతో, వెడల్పు ముక్కుతో కొత్త గుండు రూపొందించాడు. మందు ఎక్కువ దట్టించి రివాల్వర్లు పగలగొట్టుకున్న అనుభవం కూడా ఆయనకుంది. ఆయన పట్టుదల వల్లే 1955లో ఫార్టీఫోర్ మాగ్నమ్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో తూటాల కరువు వల్ల ఇంటి తయారీ మరింత పెరిగింది. 1980లలో పాత వేషాలతో కౌబాయ్ పోటీలు మొదలయ్యాయి. వాటిలో సీసపు గుండ్లే కాల్చాలని నియమం. మన దేశంలో ఇది కుదరదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అదే మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. పెద్దాయన మూలనున్న బకెట్టు మూత తీశాడు. నిండా అచ్చక్షరాలు! లైనోటైపు లోహంలో సీసం 84 పాళ్లు, యాంటిమొనీ 12, తగరం 4. అక్షరం అంచు పదునుగా రావడానికి మేం వాడిన ఆ పాళ్లే గుండు అచ్చు నిండుగా రావడానికీ పనికొస్తాయి. 1978 జూలైలో న్యూయార్క్ టైమ్స్ సీసపు కూర్పు మానేసింది. ఒక్కో పత్రికా ఆఫ్‌సెట్‌కు మారింది. ఆ లోహం తుక్కు కింద అమ్ముడుపోయి కొంత ఇలాంటి షెడ్లలోకి చేరింది. మన సెక్షన్ ఎత్తేసినప్పుడు కూడా లారీ వచ్చింది. తూకం వేసి పట్టుకుపోయారు. అది ఎక్కడికి పోయిందో మాకెవరూ చెప్పలేదు.

సీసం తన కూలి తాను వసూలు చేసుకుంటుంది. మాకు రోజూ పాలు ఇచ్చేవారు, అవి తాగితే సీసం విషం విరుగుతుందని. అది నిజం కాదని రిటైరయ్యాక ఒక డాక్టరు గారు చెప్పారు. పొగకన్నా మడ్డి దుమ్ము ప్రమాదం, చేతులు కడుక్కోకుండా అన్నం తినడం ప్రమాదం అన్నారు. పక్క మిషను మీద పనిచేసిన మిత్రుడికి యాభై దాటకుండానే మణికట్లు వాలిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. అది సీసం వల్లేనని రాసిచ్చిన వారు లేరు, పరిహారమూ రాలేదు. అమెరికాలో కాండర్ అనే పెద్ద రాబందులు గుండ్లు తగిలిన జంతువుల మాంసం తిని చస్తుంటే, కాలిఫోర్నియాలో 2013లో చట్టం చేసి 2019 జూలై నుంచి వేటలో సీసపు గుండ్లు పూర్తిగా నిషేధించారు. మిస్సోరీలోని హెర్క్యులేనియంలో 1809లోనే గుండ్ల కోసం సీసం పోసే బురుజు కట్టారు. ఖనిజం నుంచి సీసం తీసే అమెరికా చివరి కార్ఖానా 2013 డిసెంబరులో మూతపడింది కూడా ఆ ఊళ్లోనే.

ఇదంతా పెద్దాయనకు అబ్బాయి ద్వారా చెప్పించాను. ఆయన విని, షెడ్డు రెండు తలుపులూ తెరిచి, చేతొడుగులు తొడుక్కున్నాడు. తరవాత బకెట్టులోంచి గుప్పెడు అక్షరాలు తీసి నా చేతిలో పోశాడు. వేలితో గాడి తడిమి, తలకిందులుగా ఉన్న అక్షరాన్ని చూడకుండానే చదివాను. ఆయన నవ్వాడు. ఉంచుకోమన్నాడు. నాలుగు ఉంచుకుని మిగతావి నేనే పాత్రలో వేశాను.