పలనాటి బడిలో ఆశ్వయుజ కార్తికములు



త్రైమాసిక పరీక్షలు ముగిసి దసరా సెలవులిచ్చు నాటి సాయంకాలము పలనాటిలోని ఏ ఉన్నత పాఠశాల గేటు ప్రక్కనైనను ఒక పావుగంట నిలువబడి చూచితిరా? చూడనియెడల ఈ యేడు తప్పక చూడుడు. చివరి గంట మ్రోగుటే ఆలస్యము. దుర్గికిని, వెల్దుర్తికిని, బొల్లాపల్లికిని పోవు బస్సుల కొరకు హాస్టలు పిల్లలు సంచులు భుజమున వేసికొని పరుగెత్తుదురు. ఆ వేళకు వానలు వెనుదీసియుండును. నల్లరేగడి చేలలో మిరపనారు నాటుచుందురు. ముందుగా వేసిన పత్తి కాయ విచ్చుచుండును. ఆ పరుగెత్తు పిల్లలలో సెలవుల తరువాత మరల ఆ గేటు తొక్కనివారు కొందరుందురు. ఏ ఉపాధ్యాయునడిగినను ఈ మాట చెప్పును.

శరదృతువనగా ఆశ్వయుజ కార్తిక మాసములు. ఈ రెండు నెలలలో బడియు ఊరును ఒకదానినొకటి పలుకరించుకొనుట మనవైపు పాత మర్యాద. ఆ పలుకరింపులో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండిరి, ఎవరు కూర్చుండలేదు అను సంగతి మన చరిత్ర పుస్తకములలో అంతగా కనబడదు. నాకు తెలిసినంత మట్టుకు ఇక్కడ వ్రాయుచున్నాను.

సర్కారు జీతములు లేని కాలమున వీధిబడి పంతులుగారికి దసరాయే పంట. పిల్లలకు ఉతికిన బట్టలు కట్టించి, రంగుకాగితములు అంటించిన వెదురు విల్లంబులు చేతికిచ్చి, వరుసలు తీర్చి, ఇంటింటికిని తీసికొనిపోవుచుండెను. పిల్లలు దసరా పద్యములు రాగముతో చదివి, బుక్కాగుండ చల్లి, గృహస్థులను దీవించుదురు. ఇంటివారు పంతులుగారికి రూకలో, ధోవతులో, ధాన్యమో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పు బెల్లములు పోయుదురు. నా చిన్నతనమున మా యూరిలో ఒక వృద్ధుడు ఆ పద్యములను మొదటినుండి తుదివరకు తడుముకొనకుండ అప్పగించుచుండగా వింటిని. పండ్లు లేని నోటితో చదివినను తాళము తప్పలేదు.

సర్ తామస్ మన్రో చెన్నపట్టణమున గవర్నరుగానుండగా, 1822లో రాజధానిలోని బడులన్నిటిని లెక్కింప నుత్తరువిచ్చెను. 1826 మార్చి 10వ తేదీన ఆయన వ్రాసిన దానినిబట్టి అప్పటికి బడులు 12,498; చదువుకొనువారు 1,88,650 మంది; జనసంఖ్య కోటి యిరువది యెనిమిది లక్షలు. ఆంగ్లేయులు తమ కాగితములలో ఇట్టి బడులను పయల్ స్కూళ్లనిరి. మన భాషలో అరుగుబడులు. అరుగు అను మాటను గమనింపుడు. గృహస్థుడొకడు తన యింటి ముందరి అరుగు ఇచ్చినగాని బడి లేదు. అరుగెక్కరాని బిడ్డకు ఆ బడియు లేదు. కావున పంతులుగారి దసరా వరుస మాలపల్లి వైపునకు గాని మాదిగవాడ వైపునకు గాని తిరుగలేదు. అక్కడ ఆయనకు శిష్యుడొక్కడును లేడు. ఆయనను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. ఆయనయు ఇంటింటికి తిరిగి పొట్టపోసికొన్న పేదవాడే.

1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరు అయ్యగారు 1849లో పలనాటికి వచ్చి గురజాలలో కాపురముండెను. అప్పటికి ఆయన యీడు ఇంచుమించు నాకిప్పుడున్న యీడే. ఆ వయస్సున ఆ రాళ్ల బాటలలో, ఆ యెండలలో, ఊరూర తిరిగినాడన్న సంగతి తలంచుకొన్నప్పుడెల్ల, బస్సులో కిటికీ ప్రక్క స్థలము దొరకలేదని విసుగుకొను నాకు సిగ్గు కలుగును. ఆయనయు, ఆయన తరువాత వచ్చినవారును పెట్టిన బడులకు అరుగు అక్కరలేకపోయెను. చింతచెట్టు నీడ చాలును, పూరిపాక చాలును. ఆదివారమున గుడియు అదియే.

ఇంతవరకు మనము తరచుగా చెప్పుకొను కథయే. చెప్పుకొననిది మరియొకటి కలదు. బడి పల్లెకు వచ్చినదేగాని, పల్లె బిడ్డ ఊరి బడికి పోలేదు. మిషను బడి పల్లెలో, బోర్డుబడి ఊరిలో. ఈ పిల్లలు ఆ పిల్లల ముఖము చూడకయే ఐదు తరగతులు చదివిరి. సెలవులును వేరే. మిషను పాఠశాలలకు దసరా సెలవులు తక్కువ, క్రిస్మసు సెలవులు ఎక్కువ. ఈ భేదము మన కాలపు సర్కారు ఉత్తరువులలోను నిలిచియున్నది. ఊరి పిల్లలు ఆటలాడుకొను దినములలో పల్లె పిల్లలు ఎక్కములు వల్లించిరి. అంతటితో ఆగలేదు. లూథరను సంఘములలో మాలలును, బాప్తిస్టు సంఘములలో మాదిగలును అధికముగా చేరుటవలన, పల్లెకును వాడకును నడుమ పాత గోడయే క్రొత్త పేర్లతో నిలిచినది. వీరందరి బిడ్డలును ఒక్క కప్పు క్రింద కూర్చుండుటకు హైస్కూలు రావలసివచ్చెను. ఆ హైస్కూలు పలనాటి పల్లెలకు చాల ఆలస్యముగా వచ్చినది.

వినుకొండలో 1895 సెప్టెంబరు 28న పుట్టిన గుర్రము జాషువగారు బడిలో కులము పేర అవమానపడిన బాలుడు. ఆయనయే తరువాత గుంటూరులో లూథరను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పంతులై, పంతుళ్లు కాబోవువారికి చదువు చెప్పెను. గుడిలోనికి పోరానివాడొకడు గబ్బిలముచేత శివునికి కబురంపిన కథను 1941లో కావ్యముగా వ్రాసెను. 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఆయన వినుకొండయు చేరినది. ఆయన జయంతి సరిగా త్రైమాసిక పరీక్షల రోజులలోనో, దసరా సెలవుల ముందరనో పడును. పటమునకు దండవేసి, పిల్లలచేత పద్యములు చదివించుదురు. మంచిదే. పద్యము చదివిన పిల్లవాడు తరువాత ఎవరి ప్రక్కన కూర్చుండి అన్నము తినునో కూడ ఎవరైన చూచిన ఇంకను మంచిది.

నా సంగతి కొంచెము చెప్పనిండు. నేను తొమ్మిదవ తరగతి చదివినది 1980 తరువాతి యేండ్లలో. ఏ బడియో చెప్పను. సెప్టెంబరు 5వ తేదీ 1962 నుండి దేశమంతట ఉపాధ్యాయ దినోత్సవముగా జరుగుచున్నది గదా. మా బడిలో ఆనాడు పిల్లలే పంతుళ్లు. నన్ను సాంఘిక శాస్త్రమునకు నియమించిరి. పంచె కట్టుట రాక వార్డెనుగారిచేత కట్టించుకొని పోయితిని. తరగతియంతయు లేచి నమస్కరించెను. కృష్ణానదిని గూర్చి పాఠము చెప్పితిని. మధ్యాహ్నము దాహమై కుండ దగ్గరకు పోగా, ఉదయము నాకు నమస్కరించిన పిల్లవాడే ముంత పైకెత్తి, అది నా చేతికి తగులకుండ, దోసిట నీళ్లు పోసెను. ప్రతిదినమును అట్లే పోయువాడు. ఆనాడు మాత్రము నీళ్లు గొంతు దిగలేదు.

ఆ సంవత్సరమే కార్తిక అమావాస్యకు హాస్టలు పిల్లలము కారెంపూడి తిరునాళ్లకు పోయితిమి. శరత్తునకు ఆ అమావాస్యయే చివరి దినము. పలనాటి యుద్ధము 1182 ప్రాంతమున జరిగినదందురు. దానిలో కూలిన వీరులకు అక్కడ ఐదు దినములు ఉత్సవము: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరినుండి ఆచారవంతులు తమ వీరుల ఆయుధములైన కొణతములను నాగులేటికి తెత్తురు. కత్తిపట్టి కథ చెప్పు మాల గాయకులను అక్కడ విద్యావంతులందురు. వారి నోటి కథను అమెరికావాడైన జీన్ రోఘేర్ విని, ఆంగ్లములోనికి తర్జుమా చేసి 1982లో పుస్తకముగా వేయించెను. అరుగెక్కనీయని జనులను ఏటికొకసారి విద్యావంతులని పిలిచిన దేశము మనది! ఈ మాట నాకు చాల యేండ్లకు గాని తట్టలేదు.

మూడవనాడు, అనగా మందపోరునాడు, చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టెనని, మాలవాడైన కన్నమదాసును కుమారునిగా చేకొనెనని మనవారు చెప్పుకొందురు గదా. దాని జ్ఞాపకార్థము చాపలు పరచి అందరును కలిసి తిందురు. నేను కూర్చుంటిని. ముంత పిల్లవాడు తన నాయనతో వచ్చి, నన్ను చూచి నవ్వి, నా ప్రక్కనే కూర్చుండెను. కూర మరికొంచెము అడిగి తాను వేయించుకొని, నాకును వేయించెను. తిరునాళ్లు ముగిసి బడికి వచ్చిన నాడు కుండ దగ్గర అతడు నా ముఖము చూడలేదు. ముంత ఎప్పటి యెత్తుననే ఉండెను.

చాల కాలము అతనిమీద కోపముంచుకొంటిని. తరువాత సెమినరీలో గలతీ పత్రిక రెండవ అధ్యాయము చదువునప్పుడు, అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండిన పేతురు, యాకోబు యొద్దనుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తగ్గిన సంగతి వచ్చెను. అపోస్తలుడంతటివాడే భయపడగా పదునాలుగేండ్ల పిల్లవాడేపాటి? అతడు నన్ను అసహ్యించుకొనలేదు. తనను చూచువారికి భయపడెను. ఈ సంగతి గ్రహించునప్పటికి అతడెక్కడనున్నాడో నాకు తెలియదు.

ఇంకొకటి చెప్పకపోయిన ఈ కథ నాకు అనుకూలముగా ఉండును గాని సత్యముగా ఉండదు. మా హాస్టలులో కంచములు కడుగుకొను తొట్లు రెండుండెను. ఒకటి పల్లె పిల్లలకు, ఒకటి వాడ పిల్లలకు. అట్లు విడదీసినది సర్కారు గాదు, ఊరివారు గాదు, వార్డెనుగారును గాదు. మేమే. కారెంపూడిలో చాపమీద కూర్చుండి వచ్చిన రాత్రియు నేను నా తొట్టిలోనే కంచము కడుగుకొంటిని. దానిని గూర్చి ఆనాడు నాకు ఏమియు తోచలేదు.

ఈ లోపల పలనాటి కూడే మారినది. శ్రీనాథుడు ఎగతాళి చేసిన జొన్నకూటి దేశమిది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ క్రింద వరి వచ్చెను. కాలువ క్రిందనేమి మెట్టలోనేమి, పత్తియు మిరపయు విస్తరించెను. పగిలిన పత్తి కాయమీదనే ఎక్కువ దినములుండిన వానకు తడిసి రంగు చెడును, ధర పడిపోవును. అందుచేత రైతునకు కూలి జనము ఒక్కసారిగా కావలెను. ఆ తొందర సరిగా దసరా సెలవుల తరువాత మొదలగును. తల్లి పోయిన చేనికి కూతురును పోవును. రోజుకూలి చేతికి వచ్చిన యింట బడి మాట వెనుకబడును.

మధ్యాహ్న భోజనము కొంత అడ్డుకొన్నది. 2003 జనవరిలో ప్రాథమిక పాఠశాలలలో ఆరంభమై, 2008లో హైస్కూలు తరగతులకును వచ్చెను. 2024 నుండి అది డొక్కా సీతమ్మగారి పేరుతో సాగుచున్నది. ఏటికొకనాటి చాపకూడు ఏడాది పొడుగున బడిలోనికి వచ్చినట్లే గదా అని నేను సంతోషించితిని. మొన్న కార్తికమున ఒక హైస్కూలునకు పోయినప్పుడు వరండాలో వరుసలు చూచితిని. స్నేహితులు స్నేహితులతో కూర్చుండిరి; ఎవరు ఏ వీధివారో నాకు తెలియలేదు. ఇంటినుండి డబ్బా తెచ్చుకొన్నవారు కొందరు మాత్రము ఎడముగా చెట్టు క్రింద తినుచుండిరి. కారణము అడిగితిని. కూర కారముగా ఉండునని ఒక పిల్ల చెప్పెను. అంతే కావచ్చును.

ఆ సాయంకాలము తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయిని హాజరుపట్టీ సంచిలో పెట్టుకొని పల్లెకు బయలుదేరెను. దసరా తరువాత తిరిగిరానివారు ఆమె తరగతిలో నలుగురు, ముగ్గురు ఆడపిల్లలు. నేనును వెంట పోయితిని. ఆమె వెనుక బడి పిల్లలు ఐదారుగురు ఎవరును పిలువకయే నడచిరి. ఏ యిల్లు ఎక్కడనో వారికే తెలియును. మొదటి యింటికి తాళము. రెండవ యింట తల్లి అప్పుడే చేనినుండి వచ్చి, కొంగున చిక్కుకొన్న పత్తి పోగులు దులుపుకొనుచు మంచము వాల్చెను. లోపలికి పోయి చేటెడు ఉడికిన వేరుసెనగకాయలు తెచ్చి పిల్లల దోసిళ్లలో పోసెను. టీచరుగారికి ఒక గిన్నెలో పెట్టి ఇచ్చెను. ఆమె ఒక కాయ ఒలిచి నోట వేసికొని, పట్టీ తెరచి అడిగెను. "ఈ తీత అయిపోంగానే పంపిస్తాం టీచరమ్మా, ఇంకొక వారం," అని తల్లి చెప్పెను. "పోయిన వారమూ ఇదే మాట చెప్పావు గదమ్మా," అనుచు ఆమె పెన్సిలుతో తేదీ వ్రాసికొనెను. పిల్ల తలుపు చాటున నిలువబడి, వచ్చిన పిల్లలను ఏ పాఠము దాక చెప్పినారని మెల్లగా అడుగుచుండెను. ఇంకను రెండిండ్లు మిగిలియుండెను; ప్రొద్దు గ్రుంకుచుండెను.