నీటికి వేసిన తాళాలు: నెల్లూరు తీరంలో బకింగ్‌హాం కాలువ లాకులు

ఉపోద్ఘాతం

పెద్ద తాళాల ప్రస్తావన వస్తే సాధారణంగా వాటి బరువు, పొడవులే ముందు చర్చకు వస్తాయి. అయోధ్య రామమందిరం కోసం అలీగఢ్‌లో తయారై 2024లో అక్కడికి చేరిన తాళం బరువు 400 కిలోలు. దాని తాళంచెవి పొడవు నాలుగడుగులు. ఇటువంటివి భక్తికి, పనితనానికి గుర్తులు. వాటిని రోజూ తెరిచి మూయవలసిన అవసరం లేదు. రోజూ తెరుస్తూ, మూస్తూ వాడిన భారీ తాళాలు తెలుగునేల మీద వేరే ఉన్నాయి. అవి కాలువల మీది లాకులు. నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువ లాకుల చరిత్రను, ఆ చరిత్రలో శ్రామికుల స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తాళం, లాకు, లాక్

తలుపుకు వేసేదానికి తెలుగులో తాళం, తాళంకప్ప, బీగం అనే మాటలు ఉన్నాయి. ఇంగ్లీషులో ఇంటి తాళానికీ కాలువ మీది కట్టడానికీ పదం ఒక్కటే. ఆ పదం పరిచయమైనప్పుడు తెలుగువారు ఇంటి తాళం పేరు మార్చుకోలేదు. పడవల దారిలో కొత్తగా వెలసిన కట్టడానికి మాత్రం దానిని ‘లాకు’గా గ్రహించారు. ధవళేశ్వరం, విజ్జేశ్వరం, సామర్లకోట, దుగ్గిరాల వంటి చోట్ల ‘లాకులు’ అనేది కట్టడానికే కాక ఆ ప్రదేశానికీ గుర్తుగా నిలిచింది. ఇటీవలి వాడుకలో తలుపుకూ ఫోనుకూ ‘లాక్’ అంటున్నారు. ఇది హలంతరూపం. కాలువకు చెందినది అజంతమైన ‘లాకు’. ఒకే ఆంగ్లపదం రెండు కాలాలలో, రెండు రూపాలతో, రెండు అర్థాలతో తెలుగులో ప్రవేశించిందని దీనినిబట్టి గ్రహించవచ్చు.

లాకు పనితీరు

లాకు అంటే రెండు చివరలా తలుపులున్న నీటిగది. పడవ లోనికి వచ్చాక వెనుక తలుపులు మూస్తారు. చిన్న తూముల ద్వారా నీరు నింపిగాని, వదిలిగాని గదిలోని మట్టాన్ని ముందున్న నీటిమట్టంతో సమం చేస్తారు. ఆ తరువాతే ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎత్తుగా నీరున్న వైపుకు కోణంగా కలిసే ఆ రెక్కలను నీటి ఒత్తిడే బిగించి ఉంచుతుంది. మట్టాలు సమం కానంతవరకు మనిషి బలం వాటిమీద పనిచేయదు. ఆ విధంగా ఈ తాళానికి తాళంచెవి నీరే. ఆ నీటిని ఎప్పుడు, ఎంత వదలాలో ఎరిగినవారు లాకు దగ్గర పనిచేసే మనుషులు.

చైనాలో 984లో చియావ్ వైయుయె మహాకాలువ మీద ఇటువంటి నీటిగదిని నిర్మించాడు. 1914లో ప్రారంభమైన పనామా కాలువ లాకు గదుల పొడవు 305 మీటర్లు, వెడల్పు 33.5 మీటర్లు. నెదర్లాండ్స్‌లోని ఐమౌడెన్ వద్ద 2022లో ప్రారంభమైన లాకు 500 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు గలది. పరిమాణం ఎంత పెరిగినా, నీటిమట్టాలను సమం చేసే సూత్రం మారలేదు.

నెల్లూరు తీరపు ఉప్పునీటి కాలువ

1806లో బేసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన కాలువతో ఈ జలమార్గం మొదలైంది. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. తరువాతి దశాబ్దాలలో అది పులికాట్, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా ఉత్తరానికి పెరిగి పెదగంజాం చేరింది. అక్కడ కొమ్మమూరు కాలువ ద్వారా కృష్ణా డెల్టాతో కలిసింది. దక్షిణాన మరక్కాణం వరకు మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో సుమారు 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. శ్రీహరికోట వంటచెరకు, తీరపు ఉప్పు పడవల మీద మద్రాసు చేరింది ఈ దారినే.

గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలు ఆనకట్ట నుంచి వాలుగా పారే మంచినీటి కాలువలు. అక్కడ లాకు పడవను ఒక మట్టం నుంచి మరొక మట్టానికి దింపే మెట్టు. నెల్లూరు తీరపు కాలువ సముద్రమట్టానికి దగ్గరగా, ఆటుపోట్ల నీటితో నడిచేది. స్వర్ణముఖి, ఉప్పుటేరు, పెన్నా దానిని అడ్డంగా దాటుతాయి. నదులు పొంగినప్పుడు వరదనూ ఇసుకనూ కాలువలోకి రానీయకపోవడం, పోటునీటిని లోపల నిలపడం ఇక్కడి లాకుల ప్రధాన కర్తవ్యాలు. డెల్టాలో లాకు మెట్టయితే, నెల్లూరు తీరంలో అది గుమ్మానికి వేసిన తాళం.

కరవు కూలి

1876–78 నాటి మహాక్షామంలో ఈ కాలువ పని కరవు సహాయక చర్యగా సాగింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలోని సహాయక పనులకు నిర్ణయించిన రోజుకూలి, పురుషునికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితోపాటు ఒక అణా. తీవ్ర విమర్శల తరువాత అదే ఏడాది ఆ కూలిని పెంచవలసి వచ్చింది. 1878లో కాలువకు నాటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. దాని నిర్మాణచరిత్రను ఎ.ఎస్. రస్సెల్ 1898లో గ్రంథంగా వెలువరించాడు. గవర్నరు పేరు కాలువకు నిలిచింది, ఇంజనీరు పేరు గ్రంథానికి నిలిచింది. ఆకలితో మట్టి మోసినవారి పేరు దేనికీ నిలవలేదు.

తాళంచెవి లేని తాళం

1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గం ఏర్పడడంతో కాలువకు పోటీ మొదలైంది. 1965, 1966 తుపానులు దానిని బాగా దెబ్బతీశాయి. తరువాత నిర్వహణ కొరవడి, రాకపోకలు తగ్గి, మేటలు పెరిగాయి. రాళ్లతో కట్టిన లాకు గది మనుషులు లేకున్నా కొంతకాలం నిలుస్తుంది. తలుపులు అలా నిలవవు. వాటిని పోటుకూ వరదకూ తగినట్లు తెరిచి మూసేవారు లేనప్పుడు, నదికీ కాలువకూ మధ్య కాపలా పోతుంది. తలుపులు పోయిన లాకు తెరిచిన తాళం వంటిది కాదు, విరిగిన తాళం వంటిది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి మధ్య నాలుగవ జాతీయ జలమార్గాన్ని ప్రకటించినప్పుడు బకింగ్‌హాం కాలువ కూడా అందులో చేరింది. పునరుద్ధరణ అంటే పూడిక తీయడం ఒక్కటే కాదు. నదులు దాటే చోట్ల కాపలా లేకపోతే, తీసిన ఇసుక మరో వరదకు తిరిగి వస్తుంది.

ముగింపు

లాకు పరిమాణాన్ని మీటర్లలో కొలవవచ్చు. దాని ప్రయోజనాన్ని నడిపే మనుషుల నైపుణ్యంతోనే కొలవాలి. ఆ నైపుణ్యం మాటల రూపంలోనూ ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశాలు ఇటువంటి సేకరణకు మార్గం చూపాయి. పడవలవారు, లాకు పనివారు వాడిన పదజాలాన్ని అదే పద్ధతిలో నెల్లూరు తీరగ్రామాలలో సేకరించవలసి ఉంది. కాలువ మీద పనిచేసిన తరం వృద్ధాప్యంలో ఉన్నందున ఈ పని వాయిదా వేయదగినది కాదు. తలుపులను మళ్లీ చేయించవచ్చు. వాటిని నడిపినవారి మాటలు పోతే తిరిగి చేయించడం సాధ్యం కాదు.