తొడుగు విడిచిన తామ్రము

సొట్టపడిన బిందె కంచరి కొలిమిలో కరగి చెంబుగా మరల జన్మించుట మన పల్లెలు తరతరములుగా ఎరిగినదే. పాతరాగిని అమ్ముటకు గాని కొనుటకు గాని త్రాసు తప్ప వేరొక సాధనము అక్కరలేకపోయెను. ఏలనన, బిందె దిగంబరము. రాగి తీగెగా సాగి, ఆ తీగె ఒంటికి చొక్కా తొడుగుకొన్న నాడే చిక్కు మొదలయ్యెను. పాతతీగె వ్యాపారపు చరిత్ర నిజమునకు రాగి చరిత్ర కాదు, ఆ చొక్కా చరిత్ర.

విద్యుత్తు రాగిలో సులువుగా పారును గాని, తడి తగిలినంతనే దారి తప్పును. అందుచేతనే 1839లో ఓషాగ్నెసీ యను వైద్యుడు కలకత్తాలో హుగ్లీ నదికి అడ్డముగా తంతి తీగెను పరచినప్పుడు, దానికి తారు పూసి, చీల్చిన పేముబద్దలలో పొదిగి, ఆపైని తారునూలు చుట్టించెను. పిదప మలయా అడవులలోని చెట్టుపాలు గడ్డకట్టగా ఏర్పడు గట్టాపర్చా వచ్చెను. 1847లో వెర్నర్ సీమెన్స్ దానిని తీగె చుట్టును అతుకు లేకుండ ఒత్తు యంత్రమును కల్పించెను; 1866లో అట్లాంటిక్ సముద్రగర్భమున తంతి నిలిచినదన్న అది ఆ తొడుగు చలువయే. ఇండ్లలోనికి విద్యుద్దీపము వచ్చిన తరువాత తీగెలకు రబ్బరును నూలును, భూమిలో పాతిన పెద్ద కేబుళ్లకు నూనెలో నానిన కాగితమును, దానిపై సీసపు గొట్టమును పరిపాటియయ్యెను. సీసము తానును అమ్ముడుపోవు లోహమే గనుక, ఆ తొడుగును విప్పుటకు పడిన శ్రమ వృథా పోలేదు.

1926లో అమెరికాలో వాల్డో సెమన్ అను రసాయనజ్ఞుడు పెళుసైన పీవీసీని మెత్తబరచు ఉపాయమును కనుగొనెను. 1942లో మలయా జపానువారి వశమై, రబ్బరుకు కరవు ఏర్పడగా, ఈ కృత్రిమపదార్థము తీగెలపై తన రాజ్యమును స్థిరపరచుకొనెను. నీటికి నానదు, ఎండకు త్వరగా చివుకదు, రంగులద్దిన ముచ్చటగా నుండును. అయితే శుద్ధమైన పీవీసీ బరువులో సగమునకు పైగా క్లోరినే. తొడిగినవారికి ఆ సంగతి తెలియును గాని, విప్పవలసినవాని ఊహ వారికి రాలేదు.

ఈ వర్తకమునకు ఒక సంకేతభాష గలదు. తంతివార్తకు మాటకింత యని రుసుము చెల్లించు కాలమున అమెరికా తుక్కు వర్తకులు ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క పొట్టిపేరు పెట్టుకొనిరి: మెరయు శుద్ధమైన తీగె ‘బార్లీ’, తొడుగుతోనున్న తీగె ‘డ్రూయిడ్’. తంతి అంతరించినను, తంతికై పుట్టిన మాటలు పాతతీగెల బేరములలో నేటికిని బ్రతికియున్నవి.

విజయవాడ ఆటోనగరులో ఒక తుక్కు దుకాణము ముందర నేను చూచిన బేరమిది. పాతలారీ వైరింగు చుట్టను తెచ్చినవానితో కొట్టువాడు ధర పలుకలేదు. చుట్టనుండి జానెడు ముక్క కోసి, చిన్నకాంటాపై తూచి, కత్తితో నిలువున గాటుపెట్టి, చింతకాయ తొక్కవలె తొడుగును ఒలిచి, మిగిలిన రాగిని మరల తూచెను. ఆ రెండు తూకముల నిష్పత్తియే ధర. లావు కేబులైనచో ఒలిచిన కూలి గిట్టును. వెంట్రుకలవంటి పోగులైనచో దినమంతయు ఒలిచినను పిడికెడు రాగి రాదు.

అగ్గిపుల్ల అక్కర పుట్టినదిచటనే. చైనాలోని గ్వియూలోను, ఘనాదేశపు అక్రాలోని అగ్బోగ్‌బ్లోషీలోను సన్నతీగెలను కుప్పలుగా పోసి తగులబెట్టిరి. అక్రాలో పాతటైర్లును ఫ్రిజ్జుల నురుగుపలకలును ఇంధనమయ్యెను. పీవీసీలోని క్లోరిను పొగలో డయాక్సినులుగా మారుటకు ఏ రాగికొరకు మంట పెట్టుచున్నారో ఆ రాగియే ఉత్ప్రేరకమగును. పైగా కాలిన తీగె నల్లబడి, పెళుసై, మేలిరకము ధరను కోల్పోవును. 1989 నాటి బేసెల్ ఒడంబడిక పిదప విషపదార్థములు గల తొడుగుల కేబుళ్లను ప్రమాదకర వ్యర్థముల పట్టికలో చేర్చెను. 2018 చివర చైనా పాతతీగెల దిగుమతిని ఆపెను. 2021 జూలైలో అగ్బోగ్‌బ్లోషీ తుక్కుపేట కూల్చబడెను.

మంటకు బదులు వచ్చిన యంత్రమున మన రైతుకు తెలియని విద్య ఏమియు లేదు. తీగెలను నూకవలె నరికి, ఇనుమును అయస్కాంతముచే ఏరి, మిగిలినదానిని వాలుగానున్న అదరెడి జల్లెడబల్లపై పోసి క్రిందినుండి గాలి ఊదుదురు. రాగి నీటికంటె 8.9 రెట్లు బరువు, పీవీసీ ఇంచుమించు 1.4 రెట్లు గనుక, గట్టిగింజ ఒకవైపునకు, తాలు వేరొకవైపునకు పోవును. కళ్లములో తూర్పారబట్టుటయే ఇది.

భేదమొక్కటే. వరిపొట్టు ఆవము క్రిందకో, పశువుల పాకలోనికో చేరును. యంత్రము ముంగిట మాత్రము రాగిగింజల గోనె కాంటా దిగకమునుపే బేరమై పోవును. ఎరుపు, పసుపు, నలుపు కలిసిన తొడుగుల రాశి, అడుగువాడు లేక, తరువాతి వాన వచ్చువరకు అక్కడనే పడియుండును.